టీచర్ ట్రైనింగ్‌కు ఏ ల్యాప్‌టాప్ తీసుకోవాలి?

ప్రశ్న: ఈ ఏడే ఉపాధ్యాయ శిక్షణలో చేరాను. రెండేళ్ల కోర్సు, నాది సైన్సు మెథడాలజీ. లెసన్ ప్లాన్లు, రికార్డులు, మైక్రో టీచింగ్ వీడియోలు అన్నీ కంప్యూటర్‌లోనే తయారుచేసి ఇవ్వాలంటున్నారు. నాన్న ల్యాప్‌టాప్ కొనిస్తానన్నారు. షాపులో గేమింగ్ ల్యాప్‌టాప్ చూపించి పదేళ్లు వస్తుందంటున్నారు. నా స్నేహితురాలేమో కీబోర్డుతో ట్యాబ్ కొనుక్కుంటే చాలంటోంది. పెదనాన్నగారి అబ్బాయి, మా అన్నయ్య, తను ఆఫీసులో వాడిన పాత ల్యాప్‌టాప్ ఇస్తానంటున్నాడు. ఏది మేలు? ఇంకో బాధ కూడా ఉంది. మొన్న టీచింగ్ ప్రాక్టీస్‌లో క్లాస్‌మేట్ ల్యాప్‌టాప్‌లో చేసుకున్న స్లైడ్లు స్కూలు కంప్యూటర్‌లో పెడితే తెలుగంతా చెదిరిపోయింది, వీడియో అసలు రాలేదు. పిల్లల ముందు చాలా ఇబ్బంది పడ్డాను. మళ్లీ ఇలా జరగకుండా ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు చివర్లో రాసిన ఇబ్బందితోనే మొదలుపెడతాం. ఏది కొనాలన్నది కూడా దాన్నిబట్టే తేలుతుంది. మిగతా కోర్సుల వాళ్ల పని చాలావరకు వాళ్ల సొంత తెర మీదే పూర్తవుతుంది. టీచరు కాబోయేవాళ్లు ఇంట్లో తయారుచేసిన పాఠం మాత్రం ఇంకెక్కడో ఉన్న స్కూల్లో, ఎవరో అమర్చిన ప్రొజెక్టర్ మీద, ఒక్క పీరియడ్‌లో, పిల్లలు చూస్తుండగా నడవాలి. అందుకని గంటల తరబడి టైపు చేసినా చేతికి హాయిగా ఉండే కీబోర్డు, బడి వేళలు గడిచేదాకా నిలిచే బ్యాటరీ, ఏ ప్రొజెక్టర్‌కైనా తగిలించుకునే వీలు, ఈ మూడూ మీకు ముఖ్యం. వేగం వీటి తర్వాతే.

తెలుగు చెదిరిందన్నారు. ఎలా చెదిరిందో ఒకసారి గుర్తుచేసుకోండి, కారణం అందులోనే తెలుస్తుంది. అక్షరాల చోట ఖాళీ డబ్బాలు కనబడితే ఆ కంప్యూటర్‌లో తెలుగు ఫాంటే లేదు. ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు కలగలిసిన గజిబిజి కనబడితే స్లైడ్లను యూనికోడ్ (ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంకేతం ఉండే పద్ధతి) కాని ఫాంటుతో టైపు చేశారు. డీటీపీ పనుల్లో వాడుతూ వచ్చిన పాత అను ఫాంట్లు ఈ రకానివే. ఆ ఫైలులో దాగి ఉండేవి ఇంగ్లిషు అక్షరాల సంకేతాలు, వాటికి తెలుగు రూపం తొడిగేది ఫాంటు. ఆ ఫాంటు లేని చోట లోపలి సంకేతాలే బయటపడతాయి. అలా కాక అక్షరాలు తెలుగువే అయినా ఒత్తులు కింద చేరకుండా విడిపోయి, 'విద్య' కాస్తా 'విద్‌య' అయితే ఆ సాఫ్ట్‌వేర్‌కు తెలుగు అక్షరాలను కూర్చడం రాదు. పాత ప్రోగ్రాముల్లో, కొన్ని వీడియో ఎడిటర్లలో ఈ తంటా ఇప్పటికీ ఉంది. ఇక అక్షరాలన్నీ సరిగ్గానే ఉండి, వరసలు మాత్రం పెట్టె దాటి కిందికి జారిపోతే మీ ఫాంటు దొరక్క దాని చోట వేరే తెలుగు ఫాంటు వచ్చి కూర్చుంది. దాని వెడల్పు వేరు కాబట్టి అమరిక మొత్తం కదిలిపోతుంది.

వీటన్నిటికీ ముందుజాగ్రత్త ఇలా తీసుకోవాలి. టైపింగ్ అంతా యూనికోడ్‌లోనే చేయండి. ఫాంటుగా నిర్మలా యూఐ వాడితే విండోస్ 8 నుంచి వచ్చిన అన్ని విండోస్‌లలో అది ముందే ఉంటుంది. గౌతమి, వాణి ఫాంట్లు కూడా విండోస్‌వే గానీ, విండోస్ 10 నుంచి వాటిని అదనంగా దించుకోవాలి. మీ దగ్గర ఉన్నాయి కదా అని వాటితో చేస్తే స్కూలు కంప్యూటర్‌లో లేకపోవచ్చు. అందమైన వేరే ఫాంటు కావాలనుకుంటే దాన్ని ఫైలులోనే పొదగండి. పవర్‌పాయింట్‌లో ఫైల్, ఆప్షన్స్, సేవ్ దాకా వెళితే అడుగున 'ఎంబెడ్ ఫాంట్స్ ఇన్ ద ఫైల్' అని ఉంటుంది. అక్కడ టిక్ పెట్టి, దాని కింద ఉన్న రెండింటిలో అన్ని అక్షరాలనూ చేర్చేదాన్ని ఎంచుకోండి. వాడిన అక్షరాలను మాత్రమే చేర్చే మొదటిది ఎంచుకుంటే ఫైలు చిన్నదవుతుంది నిజమే. కానీ స్కూల్లో చివరి నిమిషంలో ఒక మాట మార్చాల్సి వస్తే అందులో కొత్త అక్షరం దొరకదు. కొన్ని ఫాంట్లు లైసెన్సు కారణంగా అసలు పొదగనివ్వవు. సేవ్ చేసేటప్పుడు వచ్చే హెచ్చరికను చదవకుండా మూసేయకండి.

దీని తర్వాత అదే ఫైలును పీడీఎఫ్‌గా కూడా సేవ్ చేసుకోండి. పీడీఎఫ్‌లో ఫాంటు లోపలే ఉంటుంది కాబట్టి తెలుగు ఎక్కడ తెరిచినా కదలదు. యానిమేషన్లు, వీడియో మాత్రం పోతాయి. తరగతి గదుల్లో బిగించే పెద్ద టచ్ ప్యానెళ్లలో చాలావాటిలో నడిచేది ఆండ్రాయిడ్. వాటిలో ఉండే స్లైడ్ వ్యూయర్ పొదిగిన ఫాంట్లను పట్టించుకోకపోవచ్చు, యానిమేషన్లను తారుమారు చేయవచ్చు. అలాంటి చోట పీడీఎఫే మిమ్మల్ని గట్టెక్కిస్తుంది. కాబట్టి స్కూలుకు వెళ్లేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో ఒకే పాఠం రెండు రూపాల్లో ఉండాలి. ఫైలు పేరును మాత్రం ఇంగ్లిషు అక్షరాల్లో, చిన్నగా పెట్టండి. కొన్ని పరికరాలు తెలుగు పేరున్న ఫైళ్లను సరిగా చూపించవు.

ఇక వీడియో. అది రాకపోవడానికి ఎక్కువగా మూడు కారణాలు ఉంటాయి. మొదటిది, స్లైడులో పెట్టింది ఇంటర్నెట్ వీడియో, తరగతిలో నెట్ లేదు. రెండోది, వీడియోను చొప్పించేటప్పుడు 'లింక్ టు ఫైల్' ఎంచుకోవడం. అప్పుడు స్లైడులో ఉండేది వీడియో చిరునామా ఒక్కటే, అసలు ఫైలు ఇంట్లో ల్యాప్‌టాప్‌లోనే ఉండిపోతుంది. మామూలుగా 'ఇన్సర్ట్' అంటే పవర్‌పాయింట్ 2010 నుంచి వీడియో ఫైలులోనే ఇమిడిపోతుంది. మూడోది చాలామందికి తట్టదు. కొత్త ఫోన్లు చోటు ఆదా కోసం హెచ్‌ఈవీసీ అనే పద్ధతిలో వీడియో తీస్తాయి. దానికి కావలసిన అదనపు భాగం లేని విండోస్ కంప్యూటర్‌లో శబ్దం వచ్చి బొమ్మ రాదు, లేదా ఏదీ రాదు. వీఎల్‌సీ ప్లేయర్‌లో విడిగా తెరిస్తే ఆడుతుంది గానీ, పవర్‌పాయింట్ దాన్ని వాడుకోదు. ఐఫోన్‌లో సెట్టింగ్స్, కెమెరా, ఫార్మాట్స్‌లో 'మోస్ట్ కంపాటిబుల్' ఎంచుకుంటే పాత హెచ్.264 పద్ధతిలో తీస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో కెమెరా సెట్టింగుల్లో హెచ్‌ఈవీసీ లేదా హై ఎఫిషియెన్సీ అన్నదాన్ని ఆపేయాలి. ఇప్పటికే తీసిన వీడియో అయితే హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో హెచ్.264 ఎంపీ4గా మార్చుకోండి.

ఇప్పుడు కొనే సంగతి.

ర్యామ్, అంటే తెరిచి ఉన్న పనులను పట్టి ఉంచే మెమరీ, 8 జీబీకి తగ్గొద్దు. విండోస్ 11 ఊరికే తెరిచి ఉంచినా అందులో 3, 4 జీబీ దానికే పోతుంది. బ్రౌజర్‌లో పది ట్యాబులు, పక్కన వర్డ్, పవర్‌పాయింట్ ఉంటే మిగతాది నిండుతుంది. 16 జీబీ అయితే రెండేళ్లూ, తర్వాత ఉద్యోగంలో మరికొన్నేళ్లూ నిశ్చింతగా ఉండొచ్చు. 8 జీబీతో తీసుకుంటే తర్వాత పెంచుకునే ఖాళీ స్లాటు ఉందా అని తప్పకుండా అడగండి. సన్నటి మోడళ్లలో ర్యామ్‌ను బోర్డు మీదే అతికించేస్తారు. వాటికి కొన్న రోజున ఎంత ఉందో చివరిదాకా అంతే.

స్టోరేజీ తప్పనిసరిగా ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని డిస్కు, అయి ఉండాలి. తిరిగే పళ్లెం ఉన్న హార్డ్‌డిస్క్‌తో విండోస్ 11 నడపడం సహనానికి పరీక్ష. పైగా బస్సులో, బ్యాగులో కుదుపులకు అది పాడయ్యే అవకాశం ఎక్కువ. చౌక మోడళ్లలో 64 లేదా 128 జీబీ ఈఎంఎంసీ అని రాసి ఉంటుంది, దాన్ని ఎస్‌ఎస్‌డీ అనుకోకండి. అది నెమ్మది, మార్చడానికీ వీలుండదు, విండోస్ పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడు చోటు చాలదంటుంది. మీకు ఎంత కావాలో లెక్క వేసుకోవచ్చు. ఫోన్‌లో 1080పీలో సెకనుకు 30 ఫ్రేముల చొప్పున తీసిన వీడియో, పద్ధతిని బట్టి నిమిషానికి సుమారు 60 నుంచి 130 ఎంబీ అవుతుంది. పది నిమిషాల పాఠం అంటే 600 ఎంబీ నుంచి 1.3 జీబీ. ఇలాంటివి ముప్పై తీసినా 40 జీబీ దాటదు. విండోస్, సాఫ్ట్‌వేర్లు కలిపి 60 జీబీ వేసుకోండి. 256 జీబీ డిస్కు విండోస్‌లో 238 జీబీగా కనిపిస్తుంది. అది లోపం కాదు, కంపెనీ వాళ్లూ విండోస్ వాళ్లూ లెక్కపెట్టే తీరు వేరు. కాబట్టి 256తో పని జరుగుతుంది, 512 ఉంటే ఎప్పుడూ ఏదో ఒకటి చెరిపే పని ఉండదు.

ప్రాసెసర్ దగ్గర షాపులో ఎక్కువ మాటలు చెబుతారు. మీ పనికి ఇంటెల్ కోర్ ఐ3 అయినా ఐ5 అయినా 12వ తరం లేదా ఆ తర్వాతిది సరిపోతుంది. ఏఎండీలో రైజెన్ 3 లేదా 5 చాలు. అయితే రైజెన్ 7000 వరసలో ఒక మెలిక ఉంది. మొదటి అంకె కొత్తదనం చూపిస్తుంది గానీ, లోపలి రూపకల్పన ఏ కాలానిదో చెప్పేది మూడో అంకె. ఆ రూపకల్పన పేరు జెన్. 7520యూలో ఉన్నది జెన్ 2, 7530యూలో జెన్ 3, 7540యూలో జెన్ 4. పేర్లు పక్కపక్కనే ఉన్నా లోపల తరాల తేడా. ఎన్4020 లాంటి రెండు కోర్ల సెలెరాన్‌ల జోలికి మాత్రం వెళ్లకండి. వీడియో కత్తిరించడం మొదలుపెట్టగానే అవి మొరాయిస్తాయి. ఏఐ పీసీ అన్న స్టిక్కర్ కోసం ఎక్కువ పెట్టాల్సిన అవసరం మీ కోర్సులో రాదు.

తెర 14 అంగుళాలు, 1920×1080, ఐపీఎస్ (పక్కనుంచి చూసినా రంగులు మారని రకం) అని ఉన్నది చూడండి. 1366×768 తెర మీద లెసన్ ప్లాన్ పట్టిక పెడితే ఉపాధ్యాయ కృత్యం, విద్యార్థి కృత్యం, నల్లబల్ల పని, మూల్యాంకనం గడులన్నీ ఒక్క చూపులో పట్టవు, పక్కకు జరుపుకుంటూనే ఉండాలి. తెర వెలుతురు కనీసం 250 నిట్లు, కుదిరితే 300. కిటికీలున్న స్టాఫ్‌రూమ్‌లో కూర్చున్నప్పుడు ఈ తేడా తెలుస్తుంది. తళతళలాడే తెర వద్దు, మ్యాట్ మేలు. కీబోర్డును షాపులో నిలబడే ఒక పేరా టైపు చేసి చూడండి. మీట నొక్కితే కిందికి దిగినట్టు వేలికి తెలియాలి, కీబోర్డు మధ్యభాగం కుంగకూడదు. రెండేళ్లలో మీ వేళ్లు ఎక్కువ గడిపేది దాని మీదే. ఈ ఒక్క విషయంలో మాత్రం ఎవరి మాటా వినకండి, మీ చేతికి నచ్చాలి.

బ్యాటరీ దగ్గర 'పది గంటలు' అన్న ప్రకటన వదిలేసి, వాట్ అవర్లు ఎన్నో అడగండి. టైపింగ్, బ్రౌజింగ్ లాంటి తేలికపాటి పనిలో ల్యాప్‌టాప్ గంటకు 7, 8 వాట్ అవర్లు ఖర్చు చేస్తుందనుకుంటే 50 వాట్ అవర్ల బ్యాటరీ ఆరు గంటలకు పైగా వస్తుంది. తెర వెలుతురు పూర్తిగా పెంచి, ప్రొజెక్టర్ తగిలించి, వీడియో నడిపితే ఖర్చు 12, 15కు వెళుతుంది. అప్పుడు అదే బ్యాటరీ మూడు, నాలుగు గంటలే. వాడకంతో దాని పట్టు ఏటా కొంత తగ్గుతుంది కూడా. అందుకే 50కి తక్కువ కానిది చూసుకోండి. ఇంట్లో ఎప్పుడూ ప్లగ్గుకు పెట్టే వాడేట్టయితే కంపెనీ ఇచ్చిన సాఫ్ట్‌వేర్‌లో చార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ వెతికి పెట్టండి, బ్యాటరీ ఎక్కువ కాలం నిలుస్తుంది. పాఠం ఉన్న ముందు రాత్రి మాత్రం నూటికి నూరు నింపుకోండి.

షాపులో చూపిన గేమింగ్ ల్యాప్‌టాప్ ఎందుకు వద్దో ఇప్పుడు మీకే అర్థమై ఉంటుంది. దాని గ్రాఫిక్స్ కార్డు మీ పనిలో ఖాళీగా కూర్చుంటుంది. బరువు రెండు కిలోలు దాటుతుంది, చార్జర్ ఒక్కటే అరకిలో పైన ఉంటుంది, బ్యాటరీ త్వరగా దిగిపోతుంది, నిశ్శబ్దంగా ఉన్న తరగతిలో ఫ్యాను హోరు వినబడుతుంది. 1.5 కిలోల అటూ ఇటూ ఉన్నది భుజానికి తేలిక.

స్నేహితురాలు చెప్పిన ట్యాబ్ చదవడానికి, బొమ్మలు గీయడానికి, పాఠం చెబుతూ చేత్తో పట్టుకు తిరగడానికి బాగుంటుంది. నాలుగైదు గడుల పట్టికలున్న ఇరవై పేజీల రికార్డును దాంట్లో తీర్చిదిద్దడం, పేజీ నంబర్లు, విషయసూచిక పెట్టడం చాలా కష్టం. అది రెండో పరికరంగా పనికొస్తుంది, ఉన్న ఒక్కటీ అదే అయితే చాలదు. విండోస్ బదులు గూగుల్ క్రోమ్ ఓఎస్‌తో నడిచే క్రోమ్‌బుక్ గురించి కూడా ఒక మాట. మీ శిక్షణ సంస్థ పనంతా గూగుల్ డాక్స్‌లోనే నడిపిస్తే అది సుఖంగా ఉంటుంది, తెలుగు టైపింగ్ కూడా వస్తుంది. నెట్ లేని చోట, వీడియో ఎడిటింగ్‌లో మాత్రం ఇబ్బంది పెడుతుంది. అప్‌డేట్లు ఎప్పటిదాకా వస్తాయో దాని సెట్టింగుల్లోనే తేదీ ఉంటుంది, చూడకుండా కొనకండి. మ్యాక్‌బుక్ ఎయిర్ బ్యాటరీకి వంక పెట్టలేం. కానీ దానికి హెచ్‌డీఎంఐ రంధ్రం లేదు, అడాప్టర్ మర్చిపోతే ప్రొజెక్టర్ లేనట్టే.

ప్రొజెక్టర్ దగ్గరే ట్రైనీలు ఎక్కువగా చెమటలు పట్టేది. ల్యాప్‌టాప్‌కు పూర్తి సైజు హెచ్‌డీఎంఐ రంధ్రం ఉండేలా చూసుకోండి. టైప్-సీ ఉంది కదా చాలు అనుకోవద్దు. అన్ని టైప్-సీ రంధ్రాల నుంచీ బొమ్మ బయటికి రాదు, డిస్‌ప్లేపోర్ట్ సౌకర్యం ఉన్నవాటి నుంచే వస్తుంది. పాత ప్రొజెక్టర్లకు నీలిరంగు వీజీఏ ప్లగ్గు ఉంటుంది కాబట్టి హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకు మార్చే అడాప్టర్ ఒకటి బ్యాగులో శాశ్వతంగా ఉంచుకోండి. కొనేటప్పుడు రెండు చూడాలి. హెచ్‌డీఎంఐ డిజిటల్, వీజీఏ అనలాగ్. కాబట్టి మధ్యలో మార్చే చిప్ ఉండాలి. ఒక కొసన హెచ్‌డీఎంఐ, రెండో కొసన వీజీఏ ఉన్న ఉత్త తీగ పనిచేయదు. దిశ కూడా ముఖ్యం, వీజీఏ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చేది తిరగేసి తగిలిస్తే పనికిరాదు. వీజీఏలో శబ్దం పోదు కాబట్టి ఆడియో రంధ్రం కూడా ఉన్న అడాప్టర్ అయితే మంచిది.

తగిలించాక ప్రొజెక్టర్‌లో సరైన ఇన్‌పుట్ ఎంచుకుని, ల్యాప్‌టాప్‌లో విండోస్ మీటతో పాటు పీ మీట నొక్కండి. డూప్లికేట్ అంటే రెండు తెరల మీదా ఒకటే బొమ్మ. ఎక్స్‌టెండ్ అంటే పిల్లలకు స్లైడు, మీ తెర మీద స్లైడుతో పాటు మీరు రాసుకున్న నోట్స్, తర్వాతి స్లైడు. లెసన్ ప్లాన్‌లోని ప్రశ్నలను నోట్స్‌లో పెట్టుకుంటే కాగితం వైపు చూడకుండా అడగొచ్చు. ప్రొజెక్టర్ లేకుండా ఇంట్లో ఇది సాధన చేయాలంటే పవర్‌పాయింట్‌లో ఆల్ట్, ఎఫ్5 కలిపి నొక్కండి. తెర నల్లగా ఉండి 'నో సిగ్నల్' అంటుంటే కేబుల్ తీసి మళ్లీ గట్టిగా పెట్టి, అప్పటికీ రాకపోతే డిస్‌ప్లే సెట్టింగుల్లో రిజల్యూషన్‌ను 1280×720కో 1024×768కో దించండి. పాత ప్రొజెక్టర్లు అంతకు మించి అందుకోలేవు. బొమ్మ వచ్చి శబ్దం రాకపోతే హెచ్‌డీఎంఐ తగిలించగానే శబ్దం ప్రొజెక్టర్‌కు మళ్లిందన్నమాట. తెర కింది మూల స్పీకర్ గుర్తు నొక్కి ల్యాప్‌టాప్ స్పీకర్‌నో, విడిగా తగిలించిన స్పీకర్‌నో ఎంచుకోండి. ల్యాప్‌టాప్ సొంత స్పీకర్లు వెనక బెంచీకి వినబడవు. తీగతో తగిలించే చిన్న స్పీకర్ తీసుకెళ్లండి, బ్లూటూత్ అయితే మాటకీ పెదవికీ పొంతన తప్పుతుంది.

స్లైడ్ షో నడుస్తుండగా బీ మీట నొక్కితే తెర నల్లబడుతుంది, మళ్లీ నొక్కితే వస్తుంది. ప్రయోగం చేసి చూపేటప్పుడు, పిల్లల చూపు తెర మీది నుంచి మీ చేతుల మీదికి రావాలంటే ఇంతకన్నా తేలిక మార్గం లేదు. స్లైడు నంబరు కొట్టి ఎంటర్ నొక్కితే నేరుగా అక్కడికి వెళుతుంది. పిల్లవాడు వెనకటి బొమ్మ గురించి అడిగితే ఒక్కొక్క స్లైడూ వెనక్కి తిప్పాల్సిన పని ఉండదు. అక్షరాలు 28 పాయింట్లకు తగ్గించకండి. తెలుగులో ఒత్తులు, గుణింతాలు పైనా కిందా చేరతాయి కాబట్టి వరసల మధ్య ఖాళీ కూడా ఇంగ్లిషు కన్నా కొంచెం ఎక్కువ ఉంచాలి.

తెలుగు టైపింగ్ నేర్చుకోవడం రెండేళ్ల కోర్సులో మీకు మీరు చేసుకునే పెద్ద మేలు. విండోస్ సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్ కింద తెలుగును చేర్చితే కీబోర్డులు వస్తాయి. విండోస్ మీట, స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది. ఇంగ్లిషు ఉచ్చారణతో కొట్టే ఫొనెటిక్ కీబోర్డు 2019లో వచ్చిన విండోస్ 10 1903 అప్‌డేట్ నుంచి లోపలే ఉంది, మొదటి రోజు నుంచే పని నడుస్తుంది. ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోవడానికి కొన్ని వారాల ఓపిక కావాలి. ఎడమ చేతి వైపు అచ్చులు, గుణింతాలు, కుడి చేతి వైపు హల్లులు ఉండే అమరిక కాబట్టి ఒకసారి వేళ్లకు అలవాటైతే ఫొనెటిక్ కన్నా తక్కువ మీటలతో పని అవుతుంది. రికార్డులు మొత్తం తెలుగులో రాయాల్సిన వాళ్లకు మేం ఇన్‌స్క్రిప్టే చెబుతాం. తొందరలో ఉంటే క్రోమ్ బ్రౌజర్‌లో గూగుల్ డాక్స్ తెరిచి, టూల్స్ కింద వాయిస్ టైపింగ్‌లో తెలుగు ఎంచుకుని మాట్లాడొచ్చు. తర్వాత కూర్చుని విరామచిహ్నాలు, శాస్త్ర పదాలు దిద్దుకోవాలి.

సాఫ్ట్‌వేర్‌కు డబ్బు పెట్టే ముందు మీ సంస్థ ఇచ్చిన మెయిల్‌తో మైక్రోసాఫ్ట్ విద్యార్థి పథకానికి అర్హత ఉందేమో చూడండి, ఉంటే ఆఫీస్ ఉచితం. లేకపోతే లిబ్రేఆఫీస్ ఉంది. సైన్సు వాళ్లకు కొలరాడో విశ్వవిద్యాలయం, బోల్డర్ నుంచి వచ్చే ఫెట్ సిమ్యులేషన్లు తప్పనిసరి. 2002లో భౌతిక శాస్త్రవేత్త కార్ల్ వీమన్ మొదలుపెట్టిన ప్రాజెక్టు అది. అందులోని హెచ్‌టీఎంఎల్5 సిమ్యులేషన్లను ఒక్కొక్క ఫైలుగా దించుకుని నెట్ లేకుండా బ్రౌజర్‌లో నడపొచ్చు. వలయంలో బల్బు వెలగడం, కాంతి వక్రీభవనం లాంటివి బొమ్మ గీసి చెప్పడం కన్నా కదిలించి చూపితే పిల్లలకు వెంటనే పడుతుంది.

మైక్రో టీచింగ్ 1963లో స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో డ్వైట్ అలెన్ బృందం చేతుల్లో రూపుదిద్దుకున్నప్పటి నుంచీ, తన పాఠాన్ని తనే వీడియోలో చూసుకుని దిద్దుకోవడం అందులో భాగంగా ఉంటూ వచ్చింది. దానికి ల్యాప్‌టాప్ కెమెరా వాడకండి. దాని చూపు ఇరుకు, బల్ల ఎత్తు నుంచి తీస్తుంది. ఫోన్‌ను స్టాండు మీద పెట్టి, గది వెనక ఒక మూల నుంచి బోర్డూ మీ ముఖమూ పడేలా, పిల్లల వీపులు మాత్రమే కనబడేలా అడ్డంగా తీయండి. దూరం వల్ల మీ గొంతు కన్నా గదిలో శబ్దమే ఎక్కువ పడుతుంది. చొక్కాకు లేదా చీర అంచుకు పెట్టుకునే చిన్న మైకు, లేదా జేబులో రికార్డింగ్‌లో ఉంచిన రెండో ఫోన్ ఆ లోటు తీరుస్తుంది. పిల్లల ముఖాలున్న వీడియోను స్కూలు అనుమతి లేకుండా తీయవద్దు, వాట్సాప్ గ్రూపుల్లో అసలు పెట్టవద్దు.

మార్కుల పట్టిక గురించి ఒక చిన్న జాగ్రత్త. ఎక్సెల్‌లో పరీక్షకు రాని విద్యార్థికి సున్నా వేస్తే యావరేజ్ సూత్రం దాన్ని మార్కుగానే లెక్కేసి తరగతి సగటును కిందికి లాగుతుంది. గడి ఖాళీగా వదిలినా, 'రాలేదు' అని రాసినా దాన్ని వదిలేస్తుంది. క్రియాత్మక పరిశోధన నివేదికలో ఈ ఒక్క తప్పుతో ఫలితమే మారిపోవచ్చు.

ఫైళ్లు మూడు చోట్ల ఉండాలి. ల్యాప్‌టాప్‌లో, పెన్‌డ్రైవ్ లేదా బయటి డిస్కులో, క్లౌడ్‌లో. ఉచితంగా గూగుల్ 15 జీబీ, వన్‌డ్రైవ్ 5 జీబీ ఇస్తాయి. వీడియోలతో అవి నిండిపోతాయి కాబట్టి క్లౌడ్‌లో డాక్యుమెంట్లు మాత్రం పెట్టండి. వన్‌డ్రైవ్‌తో ఒక ప్రమాదం ఉంది. ఫైలు పక్కన మేఘం గుర్తు ఉంటే అది మీ ల్యాప్‌టాప్‌లో లేదు, నెట్ లేని స్కూల్లో తెరుచుకోదు. పాఠం ఉన్న ఫోల్డర్ మీద కుడి క్లిక్ చేసి 'ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్' ఎంచుకోండి, ఆకుపచ్చ టిక్ వచ్చేదాకా ఆగండి. పెన్‌డ్రైవ్ ఎఫ్ఏటీ32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఒక్క ఫైలు కూడా అందులోకి వెళ్లదు. ఎక్స్‌ఫ్యాట్‌గా మారిస్తే వెళుతుంది, కానీ పాత పరికరాలు కొన్ని దాన్ని చదవవు. పాఠాలకు ఎఫ్ఏటీ32 చిన్న డ్రైవు ఒకటి, వీడియోలకు వేరేది ఉంచుకోవడం తేలిక. స్కూలు కంప్యూటర్‌లో పెట్టి తెచ్చిన పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ మాయమై వాటి పేర్లతో షార్ట్‌కట్‌లు కనబడితే వాటిని నొక్కకండి, అది వైరస్. యాంటీవైరస్‌తో స్కాన్ చేశాకే తెరవండి. అప్‌డేట్లను పాఠం వారంలో 'పాజ్' చేసుకోండి. పీరియడ్ మొదలయ్యాక తెర మీద శాతాలు లెక్కపెట్టుకుంటూ కూర్చునే పరిస్థితి రాకూడదు.

చివరగా మీ అన్నయ్య ఇస్తానన్న ల్యాప్‌టాప్. కొత్తది కొనే ముందు దాన్ని ఒక గంట పరీక్షించండి, ఆఫీసు మోడళ్లు గట్టివి, కీబోర్డులు చాలావరకు బాగుంటాయి. ముందు ప్రాసెసర్ చూడండి. ఇంటెల్ అయితే 8వ తరం నుంచే విండోస్ 11కు అధికారికంగా అర్హత. ఐ5-8250యూలో మొదటి 8, ఐ5-10210యూలో 10, ఐ5-1135జీ7లో 11 తరాన్ని చెబుతాయి. అంతకన్నా పాతదైతే విండోస్ 10తో ఆగిపోతుంది. దానికి సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అలాంటిదాన్ని లినక్స్ మింట్, లిబ్రేఆఫీస్‌తో నడపొచ్చు గానీ, అది ఇష్టపడి నేర్చుకునేవాళ్లకే.

తర్వాత బ్యాటరీ. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ అని ఇంగ్లిషులో కొట్టి, ఒక ఖాళీ వదిలి, ముందుకు వాలిన గీత పెట్టి, బ్యాటరీ రిపోర్ట్ అన్న రెండు మాటలూ కలిపి టైపు చేసి (powercfg /batteryreport) ఎంటర్ నొక్కితే ఒక నివేదిక తయారవుతుంది. అది ఎక్కడ సేవ్ అయిందో అక్కడే చూపిస్తుంది. అందులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ చార్జ్ కెపాసిటీ అని రెండు అంకెలుంటాయి. రెండోది మొదటిదానిలో 70 శాతానికి తగ్గితే కొత్త బ్యాటరీ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ డిస్కు ఆరోగ్యం చెబుతుంది. హార్డ్‌డిస్క్ ఉంటే ఎస్‌ఎస్‌డీ వేయించండి, 4 జీబీ ఉంటే ర్యామ్ పెంచండి. ఈ రెండు మార్పులతో పాత యంత్రం కొత్తగా నడుస్తుంది. మూత తెరుస్తూ మూస్తూ కీళ్లు వదులైనాయేమో, ప్రతి మీటా పనిచేస్తుందో లేదో, హెచ్‌డీఎంఐకి టీవీ తగిలిస్తే బొమ్మ వస్తుందో లేదో చూడండి.

వీటన్నిటిలో నెగ్గినా ఒకటి మిగిలే ఉంటుంది. దాన్ని పూర్తిగా రీసెట్ చేసి, అన్నయ్య పక్కనుండగానే, నెట్‌కు కలిపి మీ పేరుతో మొదటినుంచీ సెటప్ చేయండి. మధ్యలో ఆఫీసు మెయిల్, పాస్‌వర్డ్ అడిగినా, విండోస్ కన్నా ముందు నడిచే బయోస్ పాస్‌వర్డ్ అడిగినా ఆ ల్యాప్‌టాప్ ఇంకా వాళ్ల కంపెనీ లెక్కల్లోనే ఉంది. ఐటీ విభాగం దాన్ని తమ జాబితా నుంచి తొలగిస్తేనే అది మీదవుతుంది. అన్నయ్యను ముందు ఆ పని చేయించమనండి. సెటప్ పూర్తయ్యాక డిస్కుకు తాళం వేసే ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉంటే దాని 48 అంకెల రికవరీ కీని ఒక కాగితం మీద రాసి, ల్యాప్‌టాప్ బ్యాగులో కాకుండా ఇంట్లో వేరే చోట దాచండి.